352 విమానాలు కూల్చిన మనిషి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో ఎరిక్ హార్ట్‌మన్ అనే జర్మన్ పైలట్ ఒక్కడే 352 విమానాలు కూల్చాడని చదివాను. ఇది నమ్మదగిన లెక్కేనా మాస్టారూ? అవతలి పక్షంలో ఎవరూ 70 కూడా దాటలేదు కదా!
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: 352 అనేది జర్మన్ వైమానిక దళం రాసుకున్న లెక్క. అందులో 345 సోవియట్ విమానాలు, 7 అమెరికావి. సాక్షి ఉంటేనే ఖాతాలో రాయాలన్నది వాళ్ళ నియమం. అయినా అంత వేగంలో, పొగ కనబడగానే పడిపోయిందనుకున్న విమానాలన్నీ పడలేదు. పొగ కక్కుతూనే ఇంటికి చేరినవి అన్ని దేశాల లెక్కల్లోనూ ఉన్నాయి. సోవియట్ రికార్డులతో సరిచూసిన కొందరు పరిశోధకులు హార్ట్‌మన్ లెక్కలో చాలా కోత పెట్టాలంటారు. సగం కోసినా నాకు అభ్యంతరం లేదు. అప్పటికీ మిత్రపక్షాల్లో అందరికంటే ముందున్న సోవియట్ పైలట్ ఇవాన్ కొజెదుబ్ సాధించిన 62కి అది రెండింతలు దాటుతుంది.

మరి అంత తేడా ఎందుకు? హార్ట్‌మన్ యుద్ధంలో 1,400 సార్లకు పైగా గాలిలోకి లేచాడు. కొజెదుబ్ లేచింది 330 సార్లు. అమెరికా తన మేటి పైలట్ రిచర్డ్ బాంగ్ 40 కూల్చగానే ఇక చాలని ఇంటికి పంపేసింది. జర్మనీలో ఆ ముచ్చట లేదు. చావో, ఒళ్ళు విరగడమో, యుద్ధం ముగియడమో జరిగేదాకా ఎగరాల్సిందే. ఆ దళంలో వంద దాటినవాళ్ళు వందమందికి పైగా ఉన్నారంటే కారణం అదే. వాళ్ళలో చాలామంది యుద్ధం ముగిసేనాటికి బతికి లేరు.

ప్రశ్న: పుట్టుకతోనే వచ్చిన ప్రతిభ అంటారా?
– ఉపాధ్యాయిని, హనుమకొండ

జవాబు: తల్లి గ్లైడర్లు నడిపేది కాబట్టి చిన్నప్పుడే ఎగరడం వచ్చింది. యుద్ధం చేయడం మాత్రం రాలేదు. 1942 అక్టోబరులో, ఇరవయ్యేళ్ళ వయసులో, కాకసస్ ప్రాంతంలో ఉన్న 52వ ఫైటర్ దళంలో చేరాడు. మొదటిసారి రోస్‌మన్ అనే అనుభవజ్ఞుడి వెనక వెళ్ళి, శత్రువు కనబడగానే ఆయన్ను వదిలేసి ముందుకు దూకాడు. తూటాలన్నీ గాలిలో కలిశాయి. ఆ తరువాత వెనక వస్తున్న రోస్‌మన్ విమానాన్నే శత్రువనుకుని పారిపోయాడు. పెట్రోలు అయిపోయి, విమానాన్ని పొట్ట మీద నేలకు దించాడు. శిక్షగా మూడు రోజులు మెకానిక్‌ల దగ్గర పని చేయమన్నారు. ఉద్యోగమంతా విమానాల కింద నూనె మరకలతో గడిపినవాణ్ణి కాబట్టి ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా పని అంత నీచమా? తరువాత ఆలోచిస్తే, ఆ కుర్రాడికి దానికంటే మంచి బడి దొరకదనిపించింది.

నవంబరు 5న తొలి విజయం. ఇల్యూషిన్-2 అనే సోవియట్ దాడి విమానానికి ఒంటి నిండా కవచమే. అందుకే కిందికి చేరి, పొట్టలో ఉన్న ఆయిల్ కూలర్‌ను, అంటే ఇంజన్ నూనెను చల్లబరిచే భాగాన్ని, కొట్టాడు. అది పేలి ముక్కలు తగిలి తన విమానమూ దిగిపోయింది. రెండో విజయానికి జనవరి చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తరువాత అతను పట్టుకున్న పద్ధతిలో విన్యాసాలేవీ లేవు. ముందు చూడు, కొట్టాలో వద్దో తేల్చుకో, కొట్టు, తప్పుకో. ఎదుటి విమానం అద్దం నిండా కనబడేంత దగ్గరికి వెళ్ళేదాకా మీట నొక్కేవాడు కాదు. అంత దగ్గర్లో గురి తప్పదు, తూటాలూ వృథా కావు. చిక్కల్లా, పేలిన విమానం ముక్కలు వచ్చి తన మీదే పడతాయి. డజనుసార్లకు పైగా అతను నేలకు దిగాల్సి వచ్చినది ఎక్కువగా ఇందుకే. పక్కన కాపుగా ఎగిరే తన జత పైలట్లలో ఎవరూ చావలేదన్నదే 352 కంటే పెద్ద సంగతిగా చెప్పుకునేవాడు.

ప్రశ్న: సోవియట్ సేనలకు చిక్కి తప్పించుకున్నాడంటారు. నిజమా?
– బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: 1943 ఆగస్టు 20న జరిగింది. ముక్కలు తగిలి, శత్రువు భూభాగంలో దిగాడు. లోపల గాయమైనట్టు కడుపు పట్టుకుని మూలుగుతుంటే, సైనికులు నమ్మి ట్రక్కులో పడుకోబెట్టారు. జర్మన్ బాంబర్లు వచ్చిన గందరగోళంలో కాపలావాణ్ణి కొట్టి పొద్దుతిరుగుడు చేలలోకి దూకాడు. రాత్రుళ్ళు నడిచి వస్తే, సొంత పక్షం కాపలావాడే గురిపెట్టి కాల్చాడు. ప్యాంటు చిరిగింది, ప్రాణం దక్కింది. ఇదంతా అతను చెప్పిందే అనుకోండి.

నాకు నచ్చింది మాత్రం మెర్టెన్స్ కథ. హార్ట్‌మన్ విమానాన్ని చూసుకునే మెకానిక్ అతను. హార్ట్‌మన్ నడిపే మెస్సర్‌ష్మిట్ 109 విమానాన్ని స్టార్ట్ చేయాలంటే ముక్కు పక్కన హ్యాండిల్ పెట్టి, లోపలి చక్రం వేగం అందుకునేదాకా చేతులతో తిప్పాలి. రోజూ ఆ పని చేసే మనిషికి, తన విమానం తిరిగి రాలేదని తెలిసింది. తుపాకీ భుజాన వేసుకుని, పైలట్‌ను వెదకడానికి ఒంటరిగా శత్రువు వైపు నడిచాడట. పతకాలు పైలట్లకే వస్తాయి లెండి.

ప్రశ్న: యుద్ధం తరువాత ఏమయ్యాడు? ఇప్పుడు జర్మనీలో అతన్ని వీరుడిగా చూస్తారా?
– విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

జవాబు: 1945 మే 8న, బ్ర్నో నగరం మీద చివరి విమానాన్ని కూల్చాడు. బ్రిటిష్ వాళ్ళ వైపు ఎగిరిపొమ్మని పై నుంచి ఆదేశం వచ్చినా తన దళాన్ని, వాళ్ళతో ఉన్న ఆడవాళ్ళను, పిల్లలను వదల్లేదు. అమెరికన్లకు లొంగిపోతే, వాళ్ళు సోవియట్ సేనకు అప్పగించారు. యుద్ధ నేరాల పేరుతో 25 ఏళ్ళ శిక్ష పడింది. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ మాస్కో వెళ్ళి మాట్లాడాక 1955లో బయటికి వచ్చాడు. ఈలోగా పుట్టిన కొడుకు, తండ్రి ముఖం చూడకుండానే పోయాడు. ఆ శిక్షను రష్యా 1997లో రద్దు చేసింది. అప్పటికి అతను చనిపోయి మూడేళ్ళు దాటింది.

వీరుడంటారా? అతను ఎగిరింది హిట్లర్ దండయాత్ర కోసం. వజ్రాల పతకం తీసుకున్నదీ ఆ చేతుల మీదుగానే. నైపుణ్యాన్ని మెచ్చుకుంటూ దీన్ని దాటవేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇలాంటి మరో మేటి పైలట్ మోల్డర్స్ పేరును జర్మనీ తన వైమానిక దళ విభాగం నుంచి 2005లో తీసేసింది.

నా లెక్కలో హార్ట్‌మన్ చేసిన మంచి పని 1959 తరువాతది. పశ్చిమ జర్మనీ కొత్త వైమానిక దళంలో తొలి జెట్ ఫైటర్ విభాగానికి అధిపతిగా ఉంటూ, స్టార్‌ఫైటర్ అనే అమెరికన్ జెట్ విమానాలు మన పైలట్లకు ఇంకా తగవు, ముందు సులువైన జెట్‌ల మీద చేయి తిరగనివ్వండని మొండికేశాడు. పైవాళ్ళు వినలేదు. కొన్న 916లో 292 కూలిపోయాయి, 116 మంది పైలట్లు చనిపోయారు. ముక్కుసూటి మాటలకు ఫలితంగా పదోన్నతి ఆగి, 1970లో కల్నల్‌గానే ఇంటికి వెళ్ళాడు. స్టార్‌ఫైటర్ల ప్రవేశాన్ని నడిపించిన పాత సహచరుడు గుంటర్ రాల్ మరుసటి ఏడాదే వైమానిక దళాధిపతి అయ్యాడు.