ఆ రెండో పేరా గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

పశ్చిమ గోదావరి కొబ్బరితోటల్లోని కోకో మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ముసురులో తడుస్తూ కుళ్ళిన కాయలు కోస్తున్న మీ తాతగారి చిత్రణ బాగుంది. కాని రెండో పేరాలో కాయకుళ్ళుకు కారణం "ఒక శిలీంధ్రం" అని రాసి ముందుకు సాగిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

కాయకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా శిలీంధ్రం కాదమ్మా. కాయమీద తెల్లని బూజులా కనిపించినా అది ఊమైసీట్లు అనే, శిలీంధ్రాల్లా కనిపించే వేరే జీవుల తెగకు చెందినది, దాని చుట్టరికం సముద్రపు గోధుమరంగు నాచుతో. దాని సిద్ధబీజాలు తోకల్లాంటి రెండేసి కశాభాలతో నీటిలో ఈదగలవు కనుక, కాయమీద నిలిచిన పలుచని వాననీటి పొర వాటికి చాలు. ఈ తేడాతో రైతుకు నేరుగా పని ఉంది. శిలీంధ్రాలు తమ కణపొరకు కావలసిన స్టెరాల్ అనే పదార్థాన్ని తయారుచేసుకోకుండా అడ్డుకునే మందులు బజారులో చాలా ఉన్నాయి, స్టెరాల్‌ను అసలు తయారుచేసుకోని ఈ జీవిమీద అవి దాదాపు వృథా. దీనికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కావాలి, మెటలాక్సిల్ కావాలి.

20 ఏళ్ళ కిందట నేనూ ఇదే రాస్తే, ఒక సంపాదకుడు "పాఠకుడికి ఇంత అవసరం లేదు" అని ఆ వాక్యాలు కొట్టేసి, శీర్షికలో "బూజు తెగులు" అని వేశారు. బూజుమందు ఎన్నిసార్లు కొట్టినా కాయలు నల్లబడుతూనే ఉన్నాయని తర్వాత ఒక రైతు రాసిన కార్డు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఆ సంపాదకుణ్ణి నేను క్షమించలేకపోయాను.

ఈ జీవి కథ మన గడ్డమీదే మొదలైందని నువ్వు రాయకపోవడం మరీ బాధించింది. గోదావరి డెల్టాలో తాటిచెట్లను మొవ్వుకుళ్ళుతో చంపుతున్నదాన్ని పరిశీలించిన మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త బట్లర్, 1907లో దానికి "పాల్మివోరం", అంటే తాళజాతి చెట్లను తినేది, అని పేరు పెట్టాడు. ఆనాడు తాటిమొవ్వును తిన్నదే ఈనాడు కోకోకాయను తింటోంది. కామెరూన్, ఘనా తోటల్లో దీనికంటే ఉగ్రమైన మెగాకార్యా అనే దాయాది కూడా ఉంది.

ఇక "తెగులు రాని రకం" అన్న నీ మాట. పెరూ అమెజాన్ ప్రాంతం నుంచి 1930లలో సేకరించిన స్కావినా 6 అనే కోకో రకం ఎన్నో సంకరాలకు నిరోధశక్తిని ఇచ్చినా, ఆ శక్తి అనేక జన్యువులు తలా కాస్త అందించేది. దానివల్ల చెట్టు తెగులును తట్టుకుంటుందే తప్ప పూర్తిగా తప్పించుకోలేదు. "తట్టుకునే రకం" అని రాయి, పక్కనే కుళ్ళుకాయలు ఏరేయడం, నీడకొమ్మలు పలుచన చేయడం కూడా రాయి.

నీ కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. వచ్చే ముసురులో తోటకు వెళ్ళి, చెట్లకే ఎండి వేలాడుతున్న నల్లకాయలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఆ రెండో పేరా తిరిగి రాసి పంపు.