స్లిప్పు మీద పేరు రాయించకు

గుంటూరు, బ్రాడీపేట

ఒరేయ్ చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏడో తరగతి పిల్లలకి సివిక్స్ పాఠం చదివి వదిలేయకుండా, క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టి మరీ చెబుతావట. కృష్ణలంక బడిలో చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఇంత పని నెత్తికెత్తుకున్నావంటే నా మేనల్లుడివే. అన్నం తిననని గడప మీద కూర్చుని మారాం చేసినవాడు బెజవాడలో సారయ్యాడండీ అని మీ మావయ్యని లేపి చెబితే, పొద్దున్న చెప్పకూడదా అని విసుక్కున్నారు.

తర్వాత మీ అమ్మ ఇంకో ముక్క చెప్పింది. పిల్లలు స్లిప్పు మీద పేరు రాసి డబ్బాలో వేస్తారట. నువ్వు ఒక్కొక్కటీ విప్పి చదువుతుంటే వీడియో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడతారట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఓటర్ల జాబితా పిల్లల చేతే రాయించు, ఇంటిపేరుతో సహా. ‘ఫలానా వాళ్ళ చెల్లి’ అంటే ఒప్పుకోకు. దేశంలో మొదటి ఎన్నికలప్పుడు, ఫలానా ఆయన భార్య, ఫలానా వాడి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పనందుకు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళకి జాబితాలో చోటు దక్కలేదు. ప్రచారానికి ఒక్క రోజు చాలు. చాక్లెట్లు పంచినవాడి నామినేషన్ కొట్టెయ్. నోటా కూడా పెట్టు. దానికే ఎక్కువ వస్తే ఎలా సార్ అని ఎవడో ఒకడు అడుగుతాడు. అసెంబ్లీ ఎన్నికల్లో అయితే అప్పుడు కూడా మిగతావాళ్ళలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడని చెప్పు.

ఇక స్లిప్పుల సంగతి.

1983లో నేనొక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఆ జనవరిలోనే అసెంబ్లీ ఎన్నికల కౌంటింగ్ డ్యూటీ చేసొచ్చాను. ఓటరెవరో తెలిసిపోయే రాతగానీ గుర్తుగానీ ఉంటే ఆ బ్యాలెట్ చెల్లదన్న రూలు నాకు కంఠతా వచ్చు. అయినా జూన్లో క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టి, నోట్సు చింపిన కాగితాల మీద పేర్లు రాయించాను. నిలబడింది ఇద్దరు. ఒకడు ఊళ్ళో పెద్ద మిర్చి రైతు కొడుకు, ఇంకొకడు టైలర్ కొడుకు. నేనే బల్ల దగ్గర నిలబడి విప్పి చదువుతున్నాను. ఇరవయ్యో కాగితం కాబోలు, ముత్యాల్లాంటి అక్షరాలు, తలకట్లు కొలిచి పెట్టినట్టున్నాయి. టైలర్ కొడుకు పేరు. ఆరో తరగతి నుంచీ ఆ రాసినవాడి నోట్సు దిద్దినదాన్ని, ఎవరిదో తెలియకుండా ఎలా ఉంటుంది? “చూశారర్రా, రాతంటే ఇదీ!” అని కాగితం ఎత్తి పట్టుకుని, రాసినవాడి పేరు పైకి చెప్పేశాను.

మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను రా. వాడు తల ఎత్తలేదు. రెండు చేతులూ బల్ల కిందకి లాక్కున్నాడు. వాడి అమ్మానాన్నలు పనిచేసేది ఆ మిర్చి రైతు కళ్ళంలోనే. నాకు తెలిసిన సంగతే, ఆ క్షణాన తట్టలేదు.

నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు వాళ్ళ నాన్న వచ్చి వరండా మెట్ల కింద నిలబడ్డాడు. పైకి రమ్మన్నా రాలేదు. “పంతులమ్మగారూ, మావోడికి ఓటెందుకు ఇచ్చారండీ?” అన్నాడు. పని పోయిందో, తిట్లతో సరిపోయిందో ఆయన చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

క్వార్టర్లీ పేపర్లు దిద్దుతుంటే ఒకటి ఎవరిదో పోల్చుకోలేకపోయాను. అక్షరాలన్నీ ఎడమకి ఒరిగి ఉన్నాయి, తలకట్లు అడ్డదిడ్డంగా. నెంబరు చూస్తే వాడిదే. కావాలని మార్చుకున్నాడు.

ఓటు గుట్టు బయటపెట్టిన ఎన్నికల సిబ్బందికి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు పడొచ్చు. క్లాసులో పంతులమ్మకి ఏ సెక్షనూ లేదు. అందుకే నిన్ను ఇంత తిడుతున్నాను.

పేర్లు వద్దు, గుర్తులు పెట్టు. ఆ మొదటి ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె ఉండేది, దాని మీద గుర్తు అంటించేవారు. మీ నాయనమ్మ ఓటేసి వస్తే తాతయ్య “ఏ పెట్టెలో వేశావే?” అని అడిగారట. “కన్నమున్న పెట్టెలో” అందట. తాతయ్య పోయేదాకా అడుగుతూనే ఉన్నారు, ఆవిడ చెప్పనేలేదు! నువ్వు ఒకే డబ్బా పెట్టు. గుర్తులన్నీ ఒకే కాగితం మీద జిరాక్స్ తీయించు. మూలన ఫ్రిజ్ అట్టపెట్టె నిలబెడితే చాటు అవుతుంది. స్టాంపు కొనక్కర్లేదు, బెండకాయ తొడిమ వైపు అడ్డంగా కోసి ఇంకు ప్యాడ్ మీద అద్దితే పువ్వులా పడుతుంది. డబ్బాలోంచి తీసిన కాగితాలన్నీ ముందు కలిపేసి, అప్పుడు లెక్కపెట్టు. వీడియో మాత్రం వద్దు నాన్నా. పెద్దవాళ్ళ ఎన్నికల్లో ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ కూడా ఏడు సెకన్లు ఓటరు ఒక్కరికే కనపడి లోపల పడిపోతుంది.

ఇంకొకటి. ఎవడికైనా ఒక్క ఓటే వస్తే అది వాడు వేసుకున్నదేనని క్లాసంతా నవ్వుతుంది. ఆ సాయంత్రం వాణ్ణి బస్టాపు దాకా నీతో నడిపించుకు వెళ్ళు. ఓట్ల మాట ఎత్తకు, పునుగులు కొనిపెట్టు.

మీ అత్తయ్య