ఎడమ పాదం వంగకపోతే హెవీ లారీ నడపలేడా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర. పాతికేళ్లుగా గ్రానైట్ లారీ తోలుతున్నాను. మా గుంటడికి 22 ఏళ్లు. రెండేళ్ల కిందట బైకు మీంచి పడి ఎడమ చీలమండ నుజ్జయింది, ప్లేటు వేశారు. నడుస్తాడు గానీ పాదం కిందికి వంగదు, క్లచ్ తొక్కలేడు. కారు లైసెన్సు యాక్సిడెంటుకు ముందే తీశాడు. క్లచ్ లేని లారీలు వచ్చాయట, హెవీ నేర్పించమని గొడవ. ఉన్న ఎకరం అమ్మి బండి కొందామా?

జవాబు: ముందు పొలం అమ్మకండి. మిగతాది మాట్లాడుకుందాం.

మీవాడు విన్నది నిజమే. వోల్వో, భారత్‌బెంజ్, టాటా ప్రైమా లారీల్లో కొన్ని మోడళ్లకు క్లచ్ పెడల్ ఉండదు. లోపల గేరుబాక్సు మీకు తెలిసినట్టిదే. క్లచ్ పట్టి వదిలే పని, గేరు మార్చే పని మాత్రం కంప్యూటరు చూసుకుంటుంది. లోడు ఎంత, ఎక్కుడెంత, ఇంజను ఎంత తిరుగుతోంది అని లెక్కేసుకుని మారుస్తుంది. బ్రేకూ యాక్సిలరేటరూ కుడి కాలికి, హ్యాండ్‌బ్రేకు చేతికి. మడపాం టోల్‌గేటు దగ్గర లోడుతో క్యూలో నిలబడితే ఎడమ మోకాలు ఎలా లాగేస్తుందో మీకు నేను చెప్పాలా? ఒకసారి అలాంటి బండిలో పక్కన కూర్చుని వచ్చాను. డ్రైవరు ఎడమ కాలి చెప్పు విప్పేసి, ఆ కాలు సీటు మీద మడిచి పెట్టుకున్నాడు. నాకు భయమేసింది, ఆయనకు అలవాటైపోయింది.

కాబట్టి బండి వైపు నుంచి అడ్డు లేదు. అడ్డల్లా కాగితం దగ్గర. హెవీకి 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్సు తీసి ఏడాది గడవాలి. ఈ రెండూ మీవాడికి ఉన్నాయి. మూడోది ఫారం 1ఏ, అంటే డాక్టరు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్. డ్రైవరు పనికి అడ్డొచ్చే అవయవ లోపం ఉందా అని అందులో నేరుగా అడుగుతారు. డాక్టరు మనసులో ఉండేది మామూలు గేర్ల లారీ. ఏ బండి నడపాలనుకుంటున్నాడో, అందులో ఎడమ కాలికి ఏం పని ఉండదో కూర్చోబెట్టి వివరించండి. మోడలు వివరాల కాగితం, ఆపరేషన్ రిపోర్టులు, ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి. కాలు సంగతి ఎత్తకండి, నేను చూసుకుంటానని చెప్పే ఏజెంట్లు దొరుకుతారు. వాళ్ల మాట వినొద్దు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట తవ్వేది అదే. పైగా ఈ సర్టిఫికెట్ ఒక్కసారితో పోదు, అయిదేళ్లకోసారి రెన్యువల్‌కు మళ్లీ కావాలి.

ఇంకో మెలిక ఉంది. వికలాంగుల కోసం మార్పులు చేసిన బండికి లైసెన్సు ఇస్తారని ఎవరైనా చెబుతారు. ఇస్తారు. కానీ చట్టం ప్రకారం ఆ బండి ఆ మనిషి సొంత వాడకానికే. దానితో కిరాయి లోడు తోలి బతకడం కుదరదు. మీకు కావాల్సింది ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు.

నేర్చుకోవడం ఎక్కడ అన్నది మరో చిక్కు. హెవీ టెస్టు హెవీ బండి మీదే ఇవ్వాలి. డ్రైవింగ్ స్కూలువాళ్లకు ఫీజు కట్టేముందు క్లచ్ లేని హెవీ బండి ఉందా అని అడగండి. ఉందంటే చూపించమనండి.

అంతకంటే ముందు ఒక పని చేయండి. మీ లారీ ఖాళీగా ఉన్న రోజు మీవాడిని క్యాబిన్ ఎక్కి దిగమనండి. పదిసార్లు, తొందరపెట్టకుండా. దిగేటప్పుడు ఎడమ పాదం మెట్టు మీద ఎలా పడుతుందో చూడండి. తర్వాత లోడు మీద కప్పే పట్టా (టార్పాలిన్) లాగి కట్టించండి, స్టెప్నీ దింపించండి. కంప్యూటరు గేరు మారుస్తుంది గానీ పట్టా కట్టదు. క్లీనర్ని పెట్టుకుంటే సరే, ఆ జీతం లెక్కలో వేసుకోండి.

నాకైతే మొదట చిన్న బండి మీద పెట్టమని చెప్పాలనిపిస్తుంది. టాటా ఏస్ ఈవీ లాంటి ఎలక్ట్రిక్ బండికి క్లచ్చే ఉండదు. బండీ లోడూ కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే సరుకు బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అయితే మీవాడి లైసెన్సు కాలికి దెబ్బ తగలకముందు ఇచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు దీని సంగతి కూడా రాయించుకోండి. ఏడాదిపాటు సరుకు దించుతూ ఎక్కిస్తూ తిరిగితే ఆ చీలమండ ఎంత మోస్తుందో మీకూ తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది.

మీ క్వారీల్లో పొక్లెయిన్లు ఉంటాయిగా? పని అంతా రెండు చేతుల లివర్లతోనే. బండి కదిలించే పెడల్స్‌కు కూడా చేతి లివర్లు ఉంటాయి. రాళ్ల మీద నడిచి మిషను ఎక్కగలిగితే ఆపరేటర్ పని కూడా ఆలోచించండి. మీకు తెలిసిన ఆపరేటర్ పక్కన ఒక పూట కూర్చోబెట్టండి.