గేమ్ బాగోలేదని ఉన్నదున్నట్టు రాయాలా, మొహమాటపడాలా?

చిన్న టీమ్ చేసిన గేమ్ కొన్నారు, మూడో అధ్యాయం దాటాక సేవ్ చెరిగిపోతోంది. రివ్యూలన్నీ చూస్తే పొగడ్తలే. "నేనొక్కణ్ణే చెడ్డగా రాస్తే పాపం వాళ్లు బాధపడతారేమో, కాస్త మెత్తగా రాయాలా?" అని అడిగారు.

సూటిగానే రాయండి. మెత్తదనం మనుషుల మీద చూపించండి, లోపం మీద కాదు.

విడుదల కాని గేమ్‌లు ఆడి, ఎలా ఉందో డెవలపర్లకు చెప్పడం నాకు ఇష్టమైన పని. అలా ఆడిన వాటిలో ఒక ప్లాట్‌ఫార్మర్ ఉంది, అంటే గోతులూ గట్లూ దూకుతూ ముందుకెళ్లే ఆట. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, సంగీతం ఇంకా బాగుంది. కానీ అంచు దాకా పరిగెత్తి జంప్ నొక్కితే పాత్ర ఎగరకుండా గోతిలో పడిపోయేది. తోటి టెస్టర్లు దాదాపు అందరూ రాసింది ఒకటే: "సూపర్‌గా ఉంది, కొంచెం పాలిష్ చేస్తే అదిరిపోతుంది." ఆ మాట పట్టుకుని డెవలపర్ మెనూలు, రంగులు సరిచేస్తూ కూర్చున్నాడు. పాలిష్ అంటే అతనికి అదే అర్థమైంది మరి, అందులో అతని తప్పేముంది?

నేను ఇలా రాశాను: "రెండో లెవెల్లో విరిగిన వంతెన దగ్గర పదేపదే పడిపోతున్నాను. సరైన సమయానికే నొక్కానని నాకు గట్టిగా అనిపిస్తోంది, గేమ్ మాత్రం ఒప్పుకోవట్లేదు. పడ్డ ప్రతిసారీ అదే డైలాగ్ మొదటి నుంచి వినాలి, దాటేసే వీలు లేదు. ఇక్కడితో ఆపేశాను. డబ్బు పెట్టి కొని ఉంటే రిఫండ్ అడిగేదాన్ని." దానికి వీడియో కూడా జతచేశాను. అతను నొచ్చుకోలేదు, ఇంకో వీడియో ఉంటే పంపమన్నాడు. తర్వాతి వెర్షన్లో కొయోటీ టైమ్ పెట్టాడు. అంటే పాత్ర అంచు దాటిన తర్వాత కూడా కొన్ని ఫ్రేముల పాటు జంప్‌ను అంగీకరించడం. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే గేమ్‌లో 6 ఫ్రేములంటే సెకనులో పదో వంతు. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే గేమ్‌లో జంప్ అంత హాయిగా అనిపించడానికి ఇదీ ఒక కారణం. అంత చిన్న మార్పు ఇన్నాళ్లూ ఆగిపోయింది, ఎవరూ "నేను పడిపోతున్నాను" అని చెప్పకపోవడం వల్లే.

ఇంకో సంగతి. రివ్యూ చదివేది డెవలపర్ ఒక్కడే కాదు, కొనాలా వద్దా అని ఊగిసలాడే మనిషి కూడా. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మామూలుగా రిఫండ్ దొరకాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆట 2 గంటలు దాటకముందే అడగాలి. మీ గేమ్‌లో సేవ్ పోయేది మూడో అధ్యాయం తర్వాత. అక్కడికి చేరేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ముందే చెప్పగలిగేది మీలాంటి వాళ్లే.

మొహమాటం ఎక్కువగా కనిపించేది బొటనవేలు దగ్గర. స్టీమ్‌లో సిఫారసు చేస్తాను (వేలు పైకి), చేయను (వేలు కిందికి) అనే రెండే దారులు, నడిమధ్య ఏమీ లేదు. చాలామంది పైకి చూపే వేలు నొక్కేసి, కింద పేరాల కొద్దీ ఫిర్యాదులు రాస్తారు. శాతం లెక్కకు వచ్చేది ఆ వేలే, పేరాలు కాదు. అయితే చిన్న గేమ్‌కు ఒక్క రివ్యూ కూడా బరువే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. స్టీమ్‌లో స్కోరు కనిపించడానికి కనీసం 10 రివ్యూలు కావాలి, వాటిలో ఒకటి మీదైతే దాని ప్రభావం ఎంతో ఊహించండి. అందుకే బగ్ అయితే నేను ముందు డెవలపర్‌కే రాసి కొన్నాళ్లు ఆగుతాను. అప్పటికీ కదలిక లేకపోతే రివ్యూ పెడతాను. బాగుచేశాక వెళ్లి మార్చేస్తాను, మార్చుకునే వీలుంది కదా.

నిజాయితీ పేరుతో తిట్టేవాళ్లు వేరే జాతి. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ విడుదల వాయిదా పడిందని 2016లో దాని డెవలపర్‌కు చంపుతామని బెదిరింపులు పంపారు. దాన్ని విమర్శ అనడానికి నాకు మనసు రాదు. అలాగని ఆ భయంతో అందరూ నోరు కట్టుకుంటే ఫైనల్ ఫాంటసీ 14 ఏమయ్యేది? 2010లో వచ్చినప్పుడు ఆటగాళ్లు, విమర్శకులు బాగోలేదని తేల్చి చెప్పారు. కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పి, డైరెక్టర్‌ను మార్చి, 2012లో ఆ గేమ్‌ను మూసేసి, 2013లో కొత్తగా కట్టి తెచ్చింది. నేటికీ జనం ఆడుతున్నారు.

కాబట్టి మీ రివ్యూ మొదటి వాక్యంలోనే సేవ్ పోతోందని పెట్టండి. ఏ వెర్షన్లో, ఏ అధ్యాయంలో, ఏం చేసిన తర్వాత, ఎన్ని గంటల ఆట పోయిందో రాయండి. నచ్చినవి ఏమైనా ఉంటే ఆ తర్వాత రాయండి, అవి కూడా పేరు పెట్టి. "వాళ్లకు గేమ్ చేయడం రాదు", "దండగ" లాంటివి తీసేయండి. మీకు బద్ధకం లేకపోతే ఆ సేవ్ ఫైల్ కాపీని డెవలపర్‌కు పంపండి, మీరు రాసిన రివ్యూ కంటే అదే వాళ్లకు తొందరగా పనికొస్తుంది.