కొట్టు చేతికి తీసుకుంటున్న తమ్ముడి కొడుక్కి

చి. అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

దసరా నుంచి హార్మోనియంలు, పియానోలు బాగుచేసే మన కొట్టు నువ్వూ అక్కా చూసుకుంటారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. వాడి మోకాళ్లు ఇక హార్మోనియం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోనివ్వవు. ఈ పని ఇంట్లోనే నిలిచిందన్న మాట నాకు ఎంత ఊరటో చెప్పలేను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది తేమ గురించి. పియానో ఉన్న గదిలో గాలి తేమ 40, 50 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిదని పుస్తకాల్లో రాస్తారు. మన గోదావరి జిల్లాల్లో ఆషాఢం మొదలు కార్తీకం దాకా ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? ఎటు చూసినా కాలవ, చేను, చెరువు. చెక్క ఉబ్బుతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది, ఉక్కు తీగ తుప్పెక్కుతుంది, ఫెల్టు, అంటే ఉన్ని ఒత్తి చేసిన మందపాటి గుడ్డ, చెమ్మ పీల్చుకుంటుంది. ఏ పని ఎప్పుడు ఒప్పుకోవాలి, ఏ జిగురు వాడాలి, ఎంతవరకు మాటివ్వాలి, అన్నీ దీన్నిబట్టే.

ముసురు పట్టిన రోజుల్లో పియానో శ్రుతి చెయ్యడానికి ఒప్పుకోకు. తీగల కింద ఉండే సౌండ్‌బోర్డు చెమ్మకి ఉబ్బి పైకి లేస్తుంది, తీగల్ని ఇంకా లాగుతుంది, శ్రుతి హెచ్చుతుంది. అదీ అన్నిచోట్లా సమానంగా కాదు, మధ్య స్థాయిలో ఎక్కువ. అప్పుడు నువ్వు సరిచేసి వస్తే మాఘమాసానికి చెక్క ఆరి మళ్లీ కిందికి జారుతుంది. డబ్బు తీసుకుని పని చెయ్యలేదంటారు, వాళ్ల తప్పూ కాదు. చర్చిలవాళ్లు క్రిస్మస్ వారం ఉందనగా కబురు పెడతారు. నువ్వే వానలు వెనకపట్టగానే ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకో. రెండో విడత ఈస్టరుకి ముందు. ఇంకో సంగతి, ఆదివారం ఆరాధనకి మాత్రం ఏసీ వేసి, మిగతా ఆరు రోజులూ తలుపులు బిగించే చర్చిల్లో పియానో తొందరగా పాడవుతుంది. పాస్టరు గారితో మర్యాదగానే అయినా గట్టిగా చెప్పు: పియానోని ఏసీ గాలి తగలని చోట, బయటి గోడకి ఆనించకుండా, కిటికీకి దూరంగా పెట్టమని. ఈ ఒక్క మాట వింటే నీ కష్టం సగం నిలుస్తుంది.

వానాకాలంలో మెట్లు నొక్కితే పైకి లేవవు. దానికి ఇళ్లల్లో చేసే వైద్యం కొబ్బరినూనె, లేకపోతే మిషను నూనె. పియానోకి నూనె ముట్టించవద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పిరా. నూనె తాగిన ఫెల్టు దుమ్ము పట్టి బంక అవుతుంది, తరవాత ఆ కీళ్లన్నీ విప్పి కొత్త ఫెల్టు వెయ్యడమే దారి.

ఇక హార్మోనియం. కూడు పెట్టేది ఇదే. రేడియోలో 1940 నుంచి 1971 దాకా దీనికి ప్రవేశం లేకపోయినా, మన దగ్గర పద్యనాటకానికి హార్మోనిస్టు రాకుండా తెర లేవలేదు. ఇప్పుడు నాటకాలు తగ్గాయి, కీబోర్డులొచ్చాయి, కానీ భజన మందిరాలున్నాయి, ధనుర్మాసం ఉంది, శివరాత్రి, శ్రీరామనవమి ఉన్నాయి. సంక్రాంతికి ముందు నెల నీకు తీరిక ఉండదు.

పెట్టె రాగానే రీడు, అంటే గాలికి కదిలి మోగే ఇత్తడి నాలుక, దాని మీద చెయ్యి వెయ్యకు. ముందు తిత్తి చూడు. నిండా గాలి పట్టి, మెట్లేవీ నొక్కకుండా వదిలెయ్యి. తిత్తి నెమ్మదిగా దిగితే సరే, చప్పున కూలిపోతే గాలి ఎక్కడో పోతోంది. మెట్ల కింద తోలు గట్టిపడిందా, తిత్తి మడతల్లో ఎలుక కొరికిందా, అడుగు చెక్క పగిలిందా చూడు. గాలి నిలవని పెట్టెకి శ్రుతి చెయ్యడం వృథా, బాగుచేశాక మళ్లీ మారుతుంది. పలకని రీడుకి చాలాసార్లు రోగం ఉండదు. నాలుకకీ దాని చట్రానికీ మధ్య ఒక దుమ్ము పలుకు ఇరుక్కుంటుంది. పల్చని కాగితం ఆ సందులోకి పోనిచ్చి మెల్లిగా లాగితే పలుకుతుంది.

శ్రుతి చేసేటప్పుడు నాలుక కింద పల్చని ఉక్కు రేకు దూర్చి ఆనుగా పెట్టుకో. కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మేకు కొట్టిన మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఒక్కో గీతే. ఇత్తడి పొడి ఎక్కువ రాలిందంటే నాలుక పల్చనైపోయి ఊపిరి గట్టిగా తగిలితే విరుగుతుంది. గీకిన వెంటనే వినకు, వేడెక్కిన ఇత్తడి అబద్ధం చెబుతుంది. బ్రష్షుతో పొడి దులిపి, కాసేపు ఆగి, పెట్టెలో బిగించి, తిత్తి గాలితోనే విను. బయట పట్టుకుని ఊదితే ఒక స్వరం, పెట్టెలో ఇంకో స్వరం. రెండు వరసల రీడ్లున్న పెట్టెలో కింది స్థాయిలో పలికే బాస్ వరస ముందు పూర్తి చేసి, పై స్థాయిలో పలికే మేల్ వరసని దానికి కలుపు. రెండూ కలిపి పలికించినప్పుడు స్వరం ఊగకూడదు. ఫోన్లో యాప్ చూసుకో, తప్పులేదు, కానీ ఊగు ఆగిందా లేదా తేల్చాల్సింది చెవే.

వాయించేవాణ్ణి రెండు ప్రశ్నలడుగు: ఏ శ్రుతికి పాడతారు, పక్కన ఇంకేం మోగుతుంది? నాలుగున్నర శ్రుతిలో తప్ప పాడని భజన గురువు గారు సా, పా అచ్చంగా కలవాలని పట్టుబడతారు. పక్కన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, కీబోర్డు ఉంటే దానికి సరిపోవాలి. అలా ఒక్క శ్రుతికే కలిపితే రేపు ఇంకొకరు ఐదున్నరకి వాయించినప్పుడు ఆ కలయిక ఉండదని ముందే వివరించు. నా మటుకు నేను పన్నెండు మెట్లూ సమానంగానే ఉంచుతాను. మందిరం పెట్టె ఒక్క గొంతుది కాదు కదా.

జిగురు గురించి గట్టిగా చెబుతున్నాను, విను. పాత పెట్టెలకీ పియానోలకీ సరేసే, అంటే పశువుల తోలూ ఎముకలూ ఉడికించి చేసే జిగురే, వాడు. వేడీ తడీ తగిలిస్తే సరేసు అతుకు ఊడుతుంది, అదే దాని గుణం. నీ తరవాత ఈ పెట్టె విప్పేవాడు చెక్క చీల్చకుండా విప్పగలగాలి. ఫెవికాల్ ఎక్కడ వాడచ్చంటే, ఇక ఎప్పటికీ విప్పక్కర్లేని చోట. తోలుకీ తిత్తికీ అది పనికిరాదు. చెమ్మకి సరేసు వదులుతుంది కదా అంటావు. వదులుతుంది. మళ్లీ అతకడం తేలిక. చీలిన పాత టేకు బల్లకి బదులు ఎక్కణ్ణించి తెస్తాం?

1986 ఆగస్టు వరద తరవాతా, 1996 నవంబరు తుపాను తరవాతా మన అరుగు మీద తడిసిన పెట్టెలు వరస పెట్టి ఉండేవి. అలాంటివి వస్తే ఎండలో పెట్టనివ్వకు, చెక్క మెలితిరుగుతుంది. విప్పి, రీడ్లు మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టు. ఇత్తడి బతుకుతుంది, అతుకులన్నీ మళ్లీ వేసుకోవాలి. మెట్ల దాకా మునిగిన పియానోకి మాత్రం ఆశ పెట్టకు. దాన్ని బాగుచేయించే ఖర్చుతో ఇంకోటి కొనుక్కోవచ్చని ఇంటివాళ్ల మొహం చూసి చెప్పు. ఇష్టంగా చూసుకున్న వస్తువు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అయినా చెప్పాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా: విప్పి చూశాకే అంచనా, అంచనా కాగితం మీద, సగం అడ్వాన్స్. ఇంటి ఖర్చుకి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టకు. అక్కకి నెలనెలా జీతం రాసివ్వు, వాటా వేరు. ఇంటి ఆడపిల్లే కదా అని ఊరికే చేయించుకోవడం నాకిష్టం లేదు. పైగా పియానో చెవి దానిదే. పియానో నడుమ ఉండే సి మెట్టుకి కింద ఉన్న ఎఫ్, ఎ మెట్లు కలిపి నొక్కి సెకనుకి 7 ఊగులు ఉన్నాయో ఆరున్నరో చెప్పగలదు, నువ్వింకా చెప్పలేవు. చర్చిలకి దాన్నే పంపు. అబ్బాయి రాలేదేమని అడిగితే, శ్రుతి చేసేది మా అక్కేనండీ అను.

ప్రతి పెట్టెకీ పుస్తకంలో ఒక పేజీ ఉండాలి. వచ్చిన తేదీ, వాన ఉందా ఎండా, వచ్చినప్పుడు శ్రుతి ఎంత, పంపినప్పుడు ఎంత, ఏ జిగురు, ఏ రీడు మార్చావు. తాతయ్య రాసినవి అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి, తీసి చదువు. ఒకే పియానో ఏటా ఏ నెలలో ఎంత జారిందో అందులో కనిపిస్తుంది. మన నేలకి సరిపడే పాఠం ఇంకెక్కడా దొరకదు.

నరసాపురం వైపు ఒక చర్చి పాత పియానోకి అంచనా అడిగారని నాన్న చెప్పాడు. అర స్వరం దిగిపోయిందట. తొందరపడి 440కి, అంటే ఎ స్వరం సెకనుకి 440 కంపనాలుండే మామూలు శ్రుతికి, లాగేస్తామని మాటివ్వకు. సుమారు 230 తీగలు, అన్నీ కలిపి 15 నుంచి 20 టన్నుల బిగువు. తుప్పెక్కిన తీగ మధ్యలో తెగుతుంది. ముందు తీగలు చుట్టిన పిన్నులు లివరుతో కొంచెం తిప్పి చూడు, గట్టిగా పట్టుకుంటున్నాయా, వెన్నలో తిరిగినట్టు తిరుగుతున్నాయా. వదులైతే పిన్నులు దిగిన చెక్కే పోయినట్టు, ఆ ఖర్చు వేరు. ఇనప చట్రం మీద బీట ఉందేమో టార్చి వేసి చూడు. కీబోర్డుతో కలిపి వాయించరు, పాటలకి ఒక్కటే మోగుతుందంటే, కొంచెం తక్కువ శ్రుతిలోనే నిలకడగా ఉంచుదామని నచ్చజెప్పు. 440యే కావాలంటే ఒక్కసారిగా కాదు, రెండు విడతలుగా, మధ్యలో కొన్నాళ్లు ఆగి. అక్కని తీసుకెళ్లు. పిన్నులు చూశాక, అంచనా రాయకముందు, నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న