పాప వయసు లెక్క

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు హెచ్-1బి ఉద్యోగ వీసా వచ్చిందని, కోడలినీ తొమ్మిదేళ్ల పాపనూ వెంటబెట్టుకుని డాలస్ వస్తున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత పొంగిపోయానో, పాప వయసు గుర్తొచ్చి అంత దిగులుపడ్డాను. ఇల్లు, కారు, బడి సంగతులు వచ్చాక నేను చూసుకుంటాను.

నీ మీద ఆధారపడిన బిడ్డగా పాపకిచ్చే హెచ్-4 హోదా ఆమెకు 21 ఏళ్లు నిండగానే ముగిసిపోతుంది. ఆలోపు మీకు గ్రీన్‌కార్డు వస్తే సరే, కానీ ఏ దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు దక్కకూడదన్న నియమం వల్ల మనవాళ్ల వరుస ఏళ్ల తరబడి కదలదు. 2002 నాటి చట్టం ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ నీ తరఫున వేసే దరఖాస్తు, పరిశీలనలో గడిచిన రోజులనే వయసులోంచి తీసివేస్తుంది కానీ, వరుసలో కాచుకున్న ఏళ్లను తీసివేయదు. పన్నెండేళ్లు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండకు.

మా వీధిలో గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఈ సంగతిని కొడుకు దగ్గర దాచింది. ఆరేళ్లప్పుడు వచ్చిన ఆ పిల్లవాడు పదహారో ఏట, స్నేహితులతో పాటు వేసవిలో కిరాణా దుకాణంలో పనిచేద్దామని దరఖాస్తు నింపుతూ, సోషల్ సెక్యూరిటీ నంబరు గడి దగ్గర ఆగి తండ్రిని అడిగాడు. చదువుకునే వయసులో పనెందుకని ఆయన కసిరాడే తప్ప, హెచ్-4 పిల్లలకు పనిచేసే అనుమతే లేదని చెప్పలేదు. కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సహాయం రాదని తేలిన రోజున వాడికి అంతా ఒక్కసారిగా తెలిసింది. తరువాత ఎఫ్-1 విద్యార్థి హోదాకు మారేటప్పుడు, చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్తానని చూపాల్సి వచ్చింది. సెలవుల్లో చూసిన గుంటూరే వాడికి స్వదేశమైంది. చట్టం మీద కన్నా తండ్రి మౌనం మీదే వాడికి ఎక్కువ కోపం వచ్చింది, ఆ ఇంట్లో చాలాకాలం మాటల్లేవు. నాయనా, ఆ పిల్లవాడి ముఖం నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కష్టమైన మాటను రేపటికి నెట్టే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. పరీక్ష తప్పిన సంగతిని కూడా మా అందరి దగ్గరా సెలవులైపోయేదాకా దాచావు. పాప విషయంలో అలా చేస్తే నేను ఊరుకోను. హైస్కూల్లో చేరేలోపే, భయపెట్టకుండా, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ పిల్లకు మనందరికన్నా ధైర్యం ఎక్కువ, తట్టుకుంటుంది.

గ్రీన్‌కార్డుకు తొలి మెట్టైన పెర్మ్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) ఎప్పుడు మొదలుపెడతారో కంపెనీని ఇప్పుడే రాతపూర్వకంగా అడుగు. ఐ-140 ఆమోదం పొందాక ఉద్యోగం మారినా ప్రయారిటీ తేదీ, అంటే వరుసలో నీ స్థానాన్ని తేల్చే తేదీ, సాధారణంగా నీతోనే ఉంటుంది కాబట్టి, ఆలస్యం చేసే కంపెనీని పట్టుకుని వేలాడవద్దు. పాప జనన ధ్రువపత్రంలోని పేరు, పాస్‌పోర్టులోని పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే అక్కడే సరిచేయించుకుని బయలుదేరు.

మీ పెదనాన్న