నీళ్ళు నింపుకున్నాకే కొండెక్కు

చిరంజీవి లహరికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జులైలో నువ్వొక్కదానివే సైకిల్ మీద ఇక్కడ ఫ్రాన్స్‌లో కాఓర్ నుంచి ఫీజాక్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కోస్ పీఠభూమి మీదుగా తిరిగి వస్తావట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. "నీ మాటైతే వింటుంది, నువ్వన్నా వద్దని చెప్పక్కా" అంది. నేను చెప్పను. మన ఇంట్లో సైకిల్ ఎక్కిన మొదటి ఆడపిల్లను నేను. వెనక క్యారియర్ మీద కూర్చుని, నా నడుం పట్టుకుని కాకినాడ వీధులన్నీ తిరిగింది మీ అమ్మే. ఆ సంగతి గుర్తు చేస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకైతే నీ కబురు విన్నప్పటి నుంచి గర్వంగా ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ముక్కలు ముక్కలుగా ఫోన్‌లో పంపితే సగమే చదువుతావని తెలుసు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మొత్తం చదువు.

ముందు దారి సంగతి. నీ ఫోను లోత్ నది ఒడ్డున పోయే డి662 రోడ్డునే చూపిస్తుంది. నది పక్కన చదునుగా ఉంటుంది కదా అని ఎవరైనా మోజుపడతారు. చదునైన దారి లారీలకూ ఇష్టమే, వేసవిలో వచ్చే క్యాంపింగ్ వ్యాన్లకూ ఇష్టమే. ఒక పక్క కొండచరియ, ఇంకో పక్క నది, మధ్యలో నువ్వు. ఆ ముక్కను తెల్లవారుజామునే దాటెయ్యి. కోందుషే దగ్గర ఎడమ నుంచి సెలే అనే చిన్న నది వచ్చి లోత్‌లో కలుస్తుంది. అక్కడ ఎడమకు తిరిగి డి41 పట్టుకో. కాబ్రెరే దాకా కార్లు ఉంటాయి, ఎందుకంటే అక్కడే పెష్ మెర్ల్ గుహ ఉంది. చుక్కల గుర్రాల బొమ్మలున్న ఆ గుహను చూడకుండా పోకు, టికెట్ ముందే తీసుకో. కాబ్రెరే దాటాక రోడ్డు నీదే. ఇళ్ళ గోడలు కొండ రాతిలోకి కలిసిపోయి ఉంటాయి. మార్సియాక్‌లో సగం కూలిన మఠం ఉంది, కప్పు లేని ఆ సగంలో కాసేపు కూర్చో. ఎస్పాన్యాక్‌కు వంతెన దాటి వెళ్ళాలి. కర్ర చట్రం మధ్య ఇటుకలు పేర్చి కట్టిన గంటగోపురం ఒకటి కనిపిస్తుంది. కోందుషే నుంచి ఫీజాక్ 50 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక్క పూటలో తొక్కేయగలవు, కానీ తొక్కకు. రెండు రోజులు తీసుకో.

కాగితం పటం కొనుక్కో. మిషెలిన్ కంపెనీ వేసే రోడ్ల పటంలో ఎర్ర గీతల జోలికి పోవద్దు. పసుపు గీతను తప్పనిసరైతేనే వాడు. తెల్ల గీతలే నీ దారులు. రోడ్డు పక్కన ఆకుపచ్చ అంచు గీశారంటే అందమైన దారి అని అర్థం, కానీ ఆ మాట కార్ల వాళ్ళకూ తెలుసు. గీత మీద చిన్న బాణపు మొనలు కనబడితే ఆగి చూడు. ఒక మొన ఉంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండుంటే 13 దాకా, మూడుంటే అంతకు మించి. మొన ఎటు చూస్తే అటే ఎక్కుడు. సామాను వేసుకున్న సైకిల్‌తో మూడు మొనలు ఎక్కబోకు, దిగి నెట్టు. అందులో సిగ్గు లేదు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదువు. ఒక రోడ్డు నిశ్శబ్దంగా ఉందంటే దాని మీద ఎవరికీ పని లేదని. పని లేనిచోట ఊరుండదు, దుకాణముండదు, కుళాయి ఉండదు, గంటసేపు నిలబడినా ఒక్క కారు రాదు. నువ్వు వెతుక్కుంటూ వెళ్తున్న ఆ నిశ్శబ్దంలో నీకు భయం కలగదు, అదే నా భయం.

మీ పెదనాన్న సంగతి చెబుతాను. యానాం కుటుంబం కదా, ఆయనకు ఫ్రెంచి చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇక్కడి పటం చదవడంలో తనకెవరూ సాటి లేరని నమ్మకం. జులైలో ఒక సోమవారం మార్సియాక్ నుంచి ఉత్తరాన ఉన్న కోస్ మీదికి ఎక్కాం, కానియాక్ వైపు. ఎక్కేటప్పటికే చెరొక సీసా అయిపోయింది. దారిలో ఉన్న రొట్టెల దుకాణం సోమవారం మూసేస్తారు. నేను వెనక్కి దిగి నీళ్ళు నింపుకుందామన్నాను. ఆయన పటం మడత విప్పి, అడవిలో అక్కడక్కడా నీలం చుక్కలు చూపించారు. "ఇన్ని చెరువులుండగా నీళ్ళకేం లోటు?" అని మిగిలిన సీసాలో సగం తల మీద పోసుకున్నారు.

కోస్ అంటే సున్నపురాయి నేల. ఎంత వాన పడినా చుక్క పైన నిలవదు, రాతి చీలికల్లోంచి అడుగుకు దిగి లోయలో ఊటలై పైకి వస్తుంది. కాఓర్ ఊరంతా తాగేది అలాంటి ఊట నీళ్ళే. పైన మాత్రం వంకలుండవు, వాగులుండవు. ఆ నీలం చుక్కలు గొర్రెల కోసం రాతిలో తొలిచిన గుంటలు. సేన్ నాంఫేజ్ అనే సన్యాసి తవ్వాడని అక్కడి కథ, ఆయన సమాధి కానియాక్ చర్చి కిందే ఉంది. మొదటి గుంట దగ్గరికి వెళ్ళేసరికి పాచి పట్టి పచ్చగా ఉంది, అంచున పెంటికలు, పైన తూనీగలు. రెండో దాంట్లో అడుగు నెర్రెలిచ్చి ఉంది. ఆయన మాట్లాడటం మానేశారు. చెయ్యి పట్టుకుంటే ఒంటి మీద చెమట లేదు, చర్మం కాలుతోంది. "తల తిరుగుతోందా?" అని తెలుగులో అడిగితే, బ్యాంకు ఉత్తరానికి జవాబు రాశావా అని ఫ్రెంచిలో అన్నారు. లహరీ, ఆ క్షణం నా కాళ్ళలో సత్తువ పోయింది.

అక్కడి ఓక్ చెట్లు మనిషికి సరిపడా నీడ కూడా ఇవ్వవు. గొర్రెల కాపరులు సున్నం లేకుండా రాళ్ళు పేర్చి కట్టుకున్న గుడిసె ఒకటి కనబడితే ఆయన్ను అందులో పడుకోబెట్టి, మిగిలిన గుక్కెడు నీళ్ళతో రుమాలు తడిపి మెడకు చుట్టి, ఒక్కదాన్నే సైకిల్ ఎక్కాను. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. ఎంత దూరం తొక్కానో తెలియదు. ఒక పొలం ఇంటి ముందు ముసలావిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. నా ముఖం చూసి ఏమీ అడగలేదు. బకెట్‌తో నీళ్ళూ, పుదీనా షరబత్తు సీసా కారులో పెట్టుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెది పొద్దున్నే మార్కెట్‌కు వెళ్ళే అలవాటై ఉంటే ఈ ఉత్తరంలో పెదనాన్న ఊసు వేరేలా ఉండేది. ఇప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని, మూడు సీసాలు పట్టే సైకిలే తీసుకోమని రాయమంటున్నారు.

"కాకినాడ ఎండలో పెరిగినదాన్ని, నాకేమవుతుంది" అంటావు. ఆ మాటే నన్ను నిద్రపోనివ్వనిది. మన దగ్గర చెమట కారి ఒళ్ళు హెచ్చరిస్తుంది. కోస్ మీద పొడి గాలి, చెమట పట్టినట్టే తెలియదు. ఇంకొకటి: మన ఊళ్ళో నాలుగు దాటితే ఎండ తగ్గుతుంది. ఇక్కడ వేసవిలో గడియారం ముందుకు జరిపి ఉంటుంది, సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు రెండింటికి. సాయంత్రం ఐదింటికి కూడా మండుతూనే ఉంటుంది. నాలుగింటికి చల్లబడిందనుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టావో, నేను ఊరుకోను. కోస్ మీదికి వెళ్ళే రోజు ఆరింటికల్లా సైకిల్ మీద ఉండు, పదకొండింటికల్లా ఏదో ఒక ఊళ్ళో ఉండు.

నీళ్ళు ఎక్కడ దొరుకుతాయంటే, శ్మశానంలో. ముఖం చిట్లించకు. దాదాపు ప్రతి ఊరి శ్మశానంలోనూ పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది. లోపలికి వెళ్ళి నింపుకుంటే ఎవరూ తప్పు పట్టరు. పైన "నాన్ పోటాబ్ల్", అంటే తాగడానికి పనికిరావు అని రాసి ఉంటే మాత్రం నోట్లో పోసుకోకు, తలకు వాడుకో. కుళాయి లేకపోతే తలుపు తట్టు. "బోంజూర్" అన్నాకే సీసా చూపించు. ఆ ఒక్క మాట ముందు అనకపోతే ఇక్కడ నొచ్చుకుంటారు.

మిగతావి నీకు తెలిసినవే. గంట, ముందూ వెనకా లైట్లు ఉండాలి. చీకటి పడితే ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెడితే 135 యూరోల జరిమానా, పెట్టకు. పల్లెల్లో బోర్డు లేని కూడలి వస్తే కుడి నుంచి వచ్చే బండికే ముందు హక్కు, అది ట్రాక్టరైనా సరే. వేసవిలో రోడ్ల మీద కంకర కొత్తగా చల్లుతారు. "గ్రావియోన్" అన్న బోర్డు చూడగానే గబుక్కున బ్రేకు వెయ్యకు, మెల్లగా వేగం తగ్గించు, మలుపులో అసలు నొక్కకు. హెల్మెట్ గురించి చట్టం చిన్నపిల్లలకే చెబుతుంది, నీకు నేను చెబుతున్నాను. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చెయ్యి. లోయలో సిగ్నల్ పోతుంది కాబట్టి, పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి కనబడ్డప్పుడల్లా రోడ్డు నంబరు మనసులో అనుకుంటూ ఉండు. ఎక్కడున్నావో చెప్పగలగాలి.

నువ్వు పిరికిదానివని ఇదంతా రాయలేదు. కాదని తెలుసు కాబట్టే రాశాను. రోజూ సాయంత్రం మీ అమ్మకు ఊరి పేరు పంపు, అంత చాలు, ఫొటోలు నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, బయలుదేరేది మంగళవారం పెట్టుకో. సోమవారం రాత్రి మా ఇంటికొచ్చి పడుకో, పులిహోర కలిపి పెడతాను. మూడో సీసా బిగించడానికి పెదనాన్న ఇప్పుడే స్క్రూలు వెతుకుతున్నారు.

నీ
పెద్దమ్మ